డాబా ఇంటికి ఇన్సులేషన్: కోనసీమ ఎండకి ఏది వెయ్యాలి, ఎంత కొనాలి

రోహిణీ కార్తెలో ఒక రాత్రి, పది గంటలప్పుడు, మీ పడకగదిలో స్టూలు వేసుకుని ఎక్కి శ్లాబు అడుగున అరచెయ్యి ఆనించి చూడండి. అట్లు పోసి దించేసిన పెనంలా ఉంటుంది. మధ్యాహ్నం తాగిన ఎండని శ్లాబు మూడు నాలుగు గంటలు ఆలస్యంగా కిందకి దింపడం మొదలుపెడుతుంది. ఇక రాత్రి దాకా దింపుతూనే ఉంటుంది. మీరు మంచం ఎక్కే వేళకి గది కుంపటైపోతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే మొహాన కొడుతుంది.

పెంకుటిళ్ళలో ఈ గోల ఇంతగా లేదు. మండువా లోగిళ్ళలో పైన పెంకు, కింద అటక, మధ్యలో గాలి ఆడేది. తాటాకిళ్ళయితే చెప్పనే అక్కర్లేదు. డాబాలు కట్టుకున్నాకే మనకి ఇన్సులేషన్ అనే మాటతో అవసరం పడింది. కానీ ఆ పని మనకి కొత్తేమీ కాదు. ఐసుగడ్డని ఊకలో పొర్లించి గోనెసంచి చుట్టేవారు. ఇప్పుడు భీమవరం నుంచి వెళ్ళే చేపల్ని ఐసు వేసి థర్మాకోల్ పెట్టెల్లో సర్దుతున్నారు. ఇంటికి చెయ్యాల్సిందీ అదే. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఇన్సులేషన్ చల్లదనం పుట్టించదు, వేడి లోపలికి వచ్చే వేగాన్ని తగ్గిస్తుందంతే.

ముందు వేడి ఎక్కడినుంచి వస్తోందో చూడండి

ఎండ గట్టిగా కాసిన రోజున సాయంత్రం ఐదున్నరకి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి శ్లాబు అడుగుని, పడమటి గోడని, తూర్పు గోడని చేత్తో తడమండి. తుపాకీలా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు దొరికితే అంకెలతో సహా రాసుకోండి. ఒంటి అంతస్తు ఇల్లయినా, మేడ మీది ఆఖరి అంతస్తయినా నేరస్తుడు దాదాపు ఎప్పుడూ శ్లాబే. మీ పైన ఇంకో అంతస్తు ఉండి, అక్కడ మనుషులుంటే శ్లాబుకి డబ్బు పెట్టకండి. మీ సమస్య పడమటి గోడ, ఆ పక్క కిటికీలు. ఇంటిమీద కొబ్బరిచెట్ల నీడ పడుతుంటే ఏ గది మీద ఎన్ని గంటలు పడుతోందో కూడా చూసుకోండి. మా వంటగది మీద మధ్యాహ్నం ఒంటిగంట దాటితే నీడే. అందుకే ఆ గది మిగతా ఇల్లంత ఉడకదు.

తర్వాత నీళ్ళు, ఇనుము

నేను చేసిన తప్పు ఇక్కడే. పైకి ఎక్కి చూడకుండా కిందనుంచి మొదలుపెట్టాను. రెండు గదులకి జిప్సం ఫాల్స్ సీలింగ్ వేయించి, దాని మీద థర్మాకోల్ షీట్లు పరిపించాను. మొదటి వేసవి బాగానే గడిచింది. రెండో ఏడు అక్టోబరు వానలకి సీలింగ్ మీద టీ మరక లాంటిది వచ్చింది. ఒక పలక ఊడదీస్తే తడిసిన థర్మాకోల్, రెండు జెర్రులు, వాటి వెనక పెచ్చు లేచిన శ్లాబు కనిపించాయి. పిట్టగోడ వార నుంచి నీళ్ళు దిగుతున్నాయి. చువ్వ తుప్పు పట్టి ఉబ్బింది. సీలింగ్ లేకపోతే మొదటి మరక దగ్గరే తెలిసేది, అది కప్పెయ్యడంతో ఏడాది పాటు నాకు కనపడలేదు. వేసినవాళ్ళని అడిగితే "శ్లాబు మా పని కాదు కదండీ" అన్నారు. నిజమే, అది నా పని.

కాబట్టి ముందు నీళ్ళ పరీక్ష చెయ్యండి. డాబా మీద నీళ్ళు పోయే గొట్టాలకి గుడ్డలు కుక్కి, రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి, రెండు రోజులు వదిలెయ్యండి. కింద ఎక్కడ చెమ్మ కనిపించినా సుద్దతో గీత గీయండి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక నీళ్ళకి ఇబ్బంది కాబట్టి ఈ పనీ, ఆ తర్వాత గచ్చు తడిపే పనీ ఫిబ్రవరి, మార్చిలోనే పెట్టుకోవడం మంచిది. కారే చోట్లన్నీ బాగుచేసి, వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే ముందుకెళ్ళండి.

అలాగే చిన్న సుత్తితో శ్లాబు అడుగున అక్కడక్కడా కొట్టి చూడండి. ఖణేలుమంటే ఫర్వాలేదు. డొల్ల శబ్దం వస్తే, తుప్పు చారలుంటే, ఇంజనీరుకి చూపించకుండా పైన బరువు పెట్టొద్దు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్ళలో, పాతిక ముప్పై ఏళ్ళ కిందటి డాబాల్లో ఇది మరీ ముఖ్యం.

చవకైన పని మొదట: తెలుపు

నల్లబడ్డ సిమెంటు డాబా తన మీద పడిన ఎండలో మూడింట రెండు వంతులు తాగేస్తుంది. కొత్తగా వేసిన తెల్ల పూత పావు వంతే తాగుతుంది. కూల్ పెయింట్ రెండు కోట్లు వెయ్యొచ్చు, తెల్ల టైల్స్ పరచొచ్చు. అదీ కుదరకపోతే సున్నంలో ఫెవికాల్ కలిపి కొట్టొచ్చు. సున్నం ఏటా కొట్టాలి. మన దగ్గర వానాకాలం పోయేసరికి తెల్ల డాబా నాచు పట్టి నల్లగా అవుతుంది. పెయింటు ఎన్నేళ్ళ గ్యారంటీ అని చెప్పినా మార్చిలో ఒకసారి చీపురుతో రుద్ది కడగకపోతే అది తెలుపు కింద లెక్క కాదు.

పగలు గదిలో ఎవరూ ఉండరు, ఏసీ లేదు, డబ్బు తక్కువ అంటే ఇక్కడితో ఆగినా తప్పులేదు. తెలుపు వేసి ఒక వేసవి చూసి, చాలకపోతే బోర్డుల సంగతి ఆలోచించండి.

మందం లెక్క

షాపులో "ఇది వేస్తే పది డిగ్రీలు తగ్గుతుందండి" అంటారు. ఎక్కడ తగ్గుతుందో చెప్పరు. మీరు అడగాల్సినవి రెండే: మందం ఎంత, కె వేల్యూ ఎంత. కె వేల్యూ అంటే ఆ సరుకు గుండా వేడి ఎంత తేలిగ్గా పోతుందో చెప్పే అంకె. తక్కువుంటే మంచిది. సుమారుగా కాంక్రీటుకి 1.6, ఇటుక గోడకి 0.8, ఏఏసీ బ్లాకుకి (లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు దిమ్మ) 0.18, రాక్‌వూల్‌కి (రాతి నుంచి తీసిన దూది లాంటి సరుకు) 0.04, మామూలు థర్మాకోల్‌కి (దీన్నే ఈపీఎస్ అంటారు) 0.037, ఎక్స్‌పీఎస్ బోర్డుకి (థర్మాకోల్ జాతిదే, కానీ ఒత్తుగా గట్టిగా ఉంటుంది) 0.033, పఫ్‌కి (పాలీయురెథేన్ అనే నురగ) 0.025 దగ్గర ఉంటుంది.

మందాన్ని మీటర్లలోకి మార్చి, కె తో భాగిస్తే వచ్చేది ఆర్ వేల్యూ, అంటే అడ్డుకునే బలం. 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్‌కి 0.05 ÷ 0.033, అంటే 1.5. అయిదంగుళాల శ్లాబు, కింది ప్లాస్టరింగ్, పైనా కిందా అంటిపెట్టుకునే గాలి పొర అన్నీ కలిపినా 0.3 దాటదు. ఈ రెండూ కూడితే 1.8. 1ని 1.8తో భాగిస్తే 0.55. ఇది యూ వేల్యూ: ఒక చదరపు మీటరు కప్పు గుండా, ఒక డిగ్రీ తేడాకి ఎన్ని వాట్ల వేడి దిగుతుందో చెబుతుంది. ఉత్త శ్లాబుకి ఇది 3.3.

ఎంత ఉంటే చాలు? కేంద్ర విద్యుత్ శాఖ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ళ కోడ్ కప్పుకి 1.2 దాటకూడదంటుంది. మన చిన్న ఇళ్ళకొచ్చి ఎవరూ కొలవరు గానీ గీటురాయిగా పనికొస్తుంది.

ఇప్పుడు ఒక గది తీసుకోండి. 12 అడుగులు, 14 అడుగులు, అంటే 168 చదరపు అడుగులు. చదరపు మీటరుకి 10.76 చదరపు అడుగులు కాబట్టి 15.6 చదరపు మీటర్లు. మే నెల మధ్యాహ్నం ఎండ తాపం కూడా కలుపుకుని పైకీ కిందకీ 25 డిగ్రీల తేడా అనుకుందాం. ఉత్త శ్లాబు అయితే 3.3 × 15.6 × 25, దాదాపు 1290 వాట్లు. టన్ను ఏసీ తీసెయ్యగలిగే వేడి 3500 వాట్లు. అంటే మీ ఏసీలో మూడో వంతుకి పైగా శ్లాబుకే సరిపోతోంది. 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు వేస్తే 370 వాట్లు, 50 అయితే 215, 75 అయితే 150. ఏమీ వేయకుండా తెలుపు మాత్రం కొడితే తేడా సగానికి పడిపోయి, 600 చిల్లరకి వస్తుంది.

ఈ అంకెలు ఇంకోసారి చూడండి. మొదటి అంగుళం తొమ్మిది వందల వాట్లు ఆపింది. రెండో అంగుళం నూట యాభై, మూడోది అరవై అయిదు. ఏసీ లేని ఇంటికి 25, తెలుపు కలిపితే చాలు. రాత్రంతా ఏసీ నడిచే ఇంటికి 50 వేసుకోండి. 75 అంటే నా దృష్టిలో మన ఊళ్ళలో దండగ. ఆ డబ్బుతో పడమటి కిటికీలకి సన్‌షేడ్ కట్టించండి.

ఇదే లెక్క పాత పద్ధతికీ వెయ్యండి. ఇటుక ముక్కలు నాలుగంగుళాలు పరిచి పైన గచ్చు చేస్తారు కదా, దాని ఆర్ 0.14. మొత్తం కలిపినా యూ 2.3 దగ్గరే ఆగుతుంది. వాటం ఇవ్వడానికి, నీళ్ళు ఆపడానికి అది మంచి పనే. వేడికి మాత్రం పెద్దగా లాభం లేదు, పైగా 600 చదరపు అడుగులకి పది టన్నుల దాకా బరువు.

ఏ సరుకు

డాబా పైన వేసేటట్టయితే ఎక్స్‌పీఎస్ అనే నా ఓటు. కారణం మన తేమ. ఇది నీళ్ళు పీల్చదు, బరువు మోస్తుంది. మామూలు థర్మాకోల్ చవక గానీ ఏళ్ళ తరబడి తడిలో ఉంటే నీళ్ళు పడుతుంది, నీళ్ళు పట్టిన ఇన్సులేషన్ ఇన్సులేషన్ కాదు. రాక్‌వూల్, గ్లాస్‌వూల్ కూడా అంతే: రాక్‌వూల్ నిప్పుకి కాలదు, అది పెద్ద గుణమే, కానీ డాబా మీద పనికిరాదు. ఫాల్స్ సీలింగ్ లోపల, పొడిగా ఉండే చోట వాడుకోవచ్చు. ఎక్స్‌పీఎస్, ఈపీఎస్, పఫ్ మూడూ కాలేవే కాబట్టి గది లోపలివైపు బయటికి కనపడేలా ఎప్పుడూ వదలకండి.

ఒకాయన చేపల పెట్టెల థర్మాకోల్ ఊరికే దొరుకుతోందని అటక నిండా సర్దించాడు. కడిగించాననే అన్నాడు పాపం. చీమలూ ఎలకలూ మాత్రం ఆ మాట నమ్మలేదు. ఊక పోస్తే బాగుంటుందా అని కూడా అడుగుతుంటారు. ఊకలో కె బాగానే ఉంటుంది గానీ చెదలు, నిప్పు, ఎలకలు మూడింటికీ పిలుపు.

రేట్లు పోల్చేటప్పుడు చదరపు అడుగు ధరని ఆర్ వేల్యూతో భాగించండి. ఉదాహరణకి ఒకటి 60 రూపాయలు, ఆర్ 0.75, ఇంకొకటి 95 రూపాయలు, ఆర్ 1.5 అనుకోండి. మొదటిది ఒక్కో ఆర్‌కి 80 పడింది, రెండోది 63. చవక అనిపించిందే ఖరీదైంది. కె వేల్యూ కాగితం మీద చూపించలేనివాళ్ళ దగ్గర కొనొద్దు.

ఎంత కొనాలి

మా డాబానే చెబుతాను. బయటి కొలత 30 అడుగులు, 24 అడుగులు. చాలామంది 720 అని రాసేసుకుని ఆర్డరిచ్చేస్తారు. పిట్టగోడ మందం నాలుగున్నర అంగుళాలు, రెండు పక్కలా ముప్పావు అడుగు పోతుంది. లోపలి కొలత 29.25, 23.25, అంటే 680. మెట్లగది 10 అడుగులు, 7 అడుగులు, అది 70. మిగిలింది 610 చదరపు అడుగులు. ట్యాంకు దిమ్మలు చిన్నవైతే తీసెయ్యక్కర్లేదు, తరుగులో పోతాయి.

బోర్డు సుమారుగా 4 అడుగులు, 2 అడుగులు వస్తుంది, అంటే 8 చదరపు అడుగులు. 610ని 8తో భాగిస్తే 77. కోతలకీ విరుగుళ్ళకీ నూటికి 5 చొప్పున కలిపితే 81. కట్టకి ఎన్నో అడిగి, ఆ పైన వచ్చే పూర్తి కట్టలు తీసుకోండి. డాబా నలుచదరంగా లేకపోతే నూటికి 8 కలపండి.

బోర్డుల మీద రెండంగుళాల కాంక్రీటు పోయాలి. రెండంగుళాలంటే అడుగులో ఆరో వంతు. 610ని 6తో భాగిస్తే 102 ఘనపుటడుగులు, తరుగుతో 107. ఒకటి, రెండు, నాలుగు పాళ్ళలో కలిపితే సిమెంటు 19 బస్తాలు, ఇసుక 47 ఘనపుటడుగులు, కంకర చిప్స్ 94 అవుతాయి. చికెన్ మెష్, ప్లాస్టిక్ షీటు ఒక్కోటి 610కి, అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కే వంతు కలిపి 670 చదరపు అడుగులు. బరువు కూడా ఇక్కడే రాసుకోండి: దాదాపు 7 టన్నులు. బోర్డులన్నీ కలిపి నూరు కిలోలే. శ్లాబుకి బరువు ఇన్సులేషన్ వల్ల కాదు, దాన్ని అణిచిపెట్టే గచ్చు వల్ల వస్తుంది. ఇంజనీరుకి చెప్పాల్సిన అంకె ఇదే. ఆయన వద్దంటే బోర్డులు మానేసి తెలుపుతో, డాబా మీద నీడతో సరిపెట్టుకోండి.

వేసే వరస

శ్లాబు, దాని మీద వాటర్‌ప్రూఫింగ్, దాని మీద బోర్డులు, ఆ పైన ప్లాస్టిక్ షీటు, మెష్, రెండంగుళాల కాంక్రీటు, చివర తెల్ల టైలు గానీ పెయింటు గానీ. బోర్డు కింద వాటర్‌ప్రూఫింగ్ ఉంటే దానికి ఎండ తగలదు, ఎక్కువకాలం మన్నుతుంది. మా మేస్త్రీకి ఇది మింగుడుపడలేదు. "ఆయ్, అట్టముక్క మీద కాంక్రీటు పొయ్యమంటారేంటండి బాబూ, పగిలిపోద్ది కదా" అన్నాడు. ఒక బోర్డు నేలమీద పెట్టి, దానిమీద ఆయన్నే నిలబెట్టాను. అణగలేదు. అప్పుడు ఒప్పుకున్నాడు.

బోర్డుల అతుకులు ఇటుకల వరసలాగా తప్పించి పెట్టండి. సందుల్లో నుంచి సిమెంటు పాలు దిగితే అక్కడ వేడి దారి దొరికినట్టే. వాటం పది అడుగులకి కనీసం అంగుళంపావు ఉండాలి, అది బోర్డుల కిందే సరిచేసుకోవాలి. కాంక్రీటుని ఎనిమిది పది అడుగుల గడులుగా పోసి మధ్యలో జాయింట్లు వదిలితే పగుళ్ళు రావు. వారం రోజులు తడపాలి. వేడి తారు, పెట్రోలు వాసన వచ్చే గమ్ములు ఎక్స్‌పీఎస్‌ని కరిగించేస్తాయి, దగ్గరికి రానివ్వకండి.

ఎన్ని బోర్డులు పరిస్తే అన్నింటి మీదా ఆ రోజే కాంక్రీటు పడిపోవాలి. మేం సాయంత్రం సగం పరిచి, పొద్దున్నే పోద్దామని పడుకున్నాం. రాత్రి గాలివాన. తెల్లారి చూస్తే పదకొండు బోర్డులు పక్కవాళ్ళ కొబ్బరితోటలో, ఒకటి బోదెలో తేలుతూ ఉన్నాయి. నీళ్ళు నిలిస్తే డాబా మీదే తేలి వరస తప్పుతాయి. ఎండలో వారాల తరబడి వదిలేస్తే పైన పొడి రాలుతుంది, టార్పాలిన్ కప్పి ఉంచండి.

డాబా మీద సోలార్ పెట్టించే ఆలోచన ఉంటే ఈ పని ముందు, ప్యానెళ్ళు తర్వాత. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ వస్తోంది, అది సుమారు 300 చదరపు అడుగులు కమ్ముతుంది. ప్యానెళ్ళ కింద నీడే కాబట్టి పడకగది మీద వచ్చేలా పెట్టించుకోండి. కాళ్ళకి బోల్టులు దించేటప్పుడు వాటర్‌ప్రూఫింగ్‌కి బొక్క పడకుండా దిమ్మల మీద నిలబెట్టమనండి.

రేకులు, పెంకులు, గోడలు

ఇనప రేకులైతే మార్చేటప్పుడు పఫ్ ప్యానెళ్ళు (రెండు రేకుల మధ్య పఫ్ నింపినవి) వేయించడమే మేలు. ఉన్న రేకుల కింద వెండిరంగు ఫాయిల్ కట్టిస్తే రేకుకీ దానికీ అంగుళం ఖాళీ ఉండాలి, అంటుకుంటే పనిచెయ్యదు. చలికాలం తెల్లవారుజామున రేకు అడుగున మంచు చెమటలా పట్టి కారుతుంది కాబట్టి దూది లాంటి సరుకు నేరుగా రేకుకి ఆనించొద్దు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, వాటిని పొడిగా గీకడం, బెజ్జాలు వెయ్యడం చెయ్యకండి. పైన తెల్ల పెయింటు కొట్టి వదిలెయ్యండి. పెంకుటింటికి కింద సీలింగ్ వేస్తే చాలు, పైన గాలి ఆడేందుకు రెండు వైపులా జాలీ పెట్టండి.

గోడలకి పాత ఇళ్ళలో బోర్డులు అంటించడం నేను చెప్పను. నేల చెమ్మ గోడల్లోకి ఎక్కే ఊళ్ళు మనవి, దాన్ని లోపల బంధించినట్టవుతుంది. పడమటి వైపు సన్‌షేడ్, ఒక పందిరి, దానిమీద తీగ చాలు. కొత్తగా కట్టేవాళ్ళు మాత్రం పడమటి గోడకి ఎనిమిదంగుళాల ఏఏసీ బ్లాకు అడగండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడకి యూ 2 ఉంటే దీనికి 0.8 దగ్గరుంటుంది.

సరుకు దిగినప్పుడు

లారీ రాగానే సంతకం పెట్టెయ్యకండి. టేపుతో నాలుగు బోర్డుల మందం కొలవండి. 50 అని చెప్పి 45 పంపడం మామూలే. తర్వాత ఒక బోర్డు తీసుకెళ్ళి కిరాణా కొట్టు కాటా మీద పెట్టండి. 4 అడుగులు, 2 అడుగులు, 50 మిల్లీమీటర్ల మంచి ఎక్స్‌పీఎస్ సుమారు 1,200 గ్రాములు తూగుతుంది, అదే కొలత మామూలు థర్మాకోల్ అరకిలో పైచిలుకు. కిలో కూడా తూగకపోతే కట్టలు దింపనివ్వకుండా అదే లారీలో వెనక్కి పంపండి.